నల్లగొండ, పాలమూరు లా విద్యార్థులు విదేశీ స్కాలర్‌షిప్ సాధించడం ఎలా: మొదటి సంవత్సరం నుంచి ప్రయాణం దాకా

మిర్యాలగూడ నుంచో, అచ్చంపేట నుంచో లాసెట్ రాసి లా కాలేజీలో చేరిన విద్యార్థి చెవిన రోడ్స్, చీవ్‌నింగ్, ఇన్‌లాక్స్ అన్న పేర్లు పడేసరికి సాధారణంగా చివరి సంవత్సరం వచ్చేస్తుంది. ఆ స్కాలర్‌షిప్‌లు అడిగే వాటిలో సగం, అంటే మార్కులు, రాతపని, అధ్యాపకులతో పరిచయం, సేవా కార్యక్రమాలు, అప్పటికప్పుడు కూడబెట్టుకోగలిగినవి కావు. నల్లగొండ జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసుకుంటూ, ఒక స్కాలర్‌షిప్ మీద బయట ఎల్‌ఎల్‌ఎం చదివి వచ్చి, ఆ తర్వాత ఈ రెండు ఉమ్మడి జిల్లాల పిల్లల దరఖాస్తులు ఎన్నో చదివినవాడిగా, పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదటి పని: మీకు సరిపోయేది ఏదో తేల్చుకోవడం

అన్నింటికీ దరఖాస్తు చేద్దామన్న ఆలోచన మంచిది కాదు. ఒక్కో స్కాలర్‌షిప్ ఒక్కో రకం మనిషి కోసం వెతుకుతుంది. ఆ తేడా తెలియకుండా ఒకే వ్యాసాన్ని నాలుగు చోట్లకు పంపితే నాలుగు చోట్లా పోతుంది.

రోడ్స్ స్కాలర్‌షిప్ ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికి ఇస్తారు. మన దేశానికి ఏటా అయిదారు మాత్రమే దక్కుతాయి. లా విద్యార్థులు ఎక్కువగా ఎంచుకునేది అక్కడి బీసీఎల్ (బ్యాచిలర్ ఆఫ్ సివిల్ లా) అనే పీజీ స్థాయి కోర్సు. వయోపరిమితి చాలా తక్కువ, స్థూలంగా 24 ఏళ్లలోపు ఉండాలి. చదువు ఆలస్యంగా ముగించినవారికి కొన్ని షరతులతో 27 దాకా సడలింపు ఉంటుంది. అందువల్ల ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సులో చేరినవారికి ఇది అందుబాటులో ఉంటుంది గానీ, డిగ్రీ చేసి, రెండేళ్లు ఆగి, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరినవారికి తరచూ వయసు దాటిపోతుంది. దానికి దిగులు పడనక్కరలేదు, ఎందుకంటే చీవ్‌నింగ్ వారు వయసును కాక అనుభవాన్ని చూస్తారు.

బ్రిటన్ ప్రభుత్వం 1983లో మొదలుపెట్టిన చీవ్‌నింగ్ ఏడాది మాస్టర్స్ కోర్సు ఖర్చంతా భరిస్తుంది. దానికి రెండేళ్ల అనుభవం, వారి లెక్కలో 2,800 గంటలు, ఉండాలి. జీతం లేని పని, ఇంటర్న్‌షిప్, స్వచ్ఛంద సేవ కూడా ఈ లెక్కలోకి వస్తాయి. సీనియర్ దగ్గర జీతం లేకుండా రెండేళ్లు ఫైళ్లు మోసిన జూనియర్ అడ్వకేటుకు ఇంతకంటే అనుకూలమైన నిబంధన మరొకటి లేదు. అమెరికా వెళ్లాలనుకునేవారికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ ఉంది. దానికి మూడేళ్ల అనుభవం, డిగ్రీలో 55 శాతం మార్కులు కావాలి, ఆ ఏడాది ప్రకటించిన విభాగాల్లో న్యాయశాస్త్రం ఉందో లేదో ముందే చూసుకోవాలి.

1976లో ఏర్పడిన ఇన్‌లాక్స్ శివదాసానీ ఫౌండేషన్ లక్ష డాలర్ల దాకా ఇస్తుంది. 30 ఏళ్లలోపు ఉండాలి, లా వంటి సబ్జెక్టుల్లో కనీసం 65 శాతం మార్కులు ఉండాలి. అన్నింటికంటే ముఖ్యంగా, దరఖాస్తు చేసే నాటికే పెద్ద విశ్వవిద్యాలయం నుంచి అడ్మిషన్ లేఖ చేతిలో ఉండాలి. కేంబ్రిడ్జిలో ఎల్‌ఎల్‌ఎం చదవాలంటే 2000లో మొదలైన గేట్స్ కేంబ్రిడ్జి స్కాలర్‌షిప్ చూడండి. ఆక్స్‌ఫర్డ్, లండన్‌లోని సోయాస్, రీడింగ్ విశ్వవిద్యాలయాల్లో చదవాలంటే ఆర్థిక స్తోమత లేని భారతీయుల కోసం ఉన్న ఫెలిక్స్ స్కాలర్‌షిప్ చూడండి. 1892లో మొదలైన జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇచ్చేది రుణ స్కాలర్‌షిప్, అంటే తిరిగి కట్టాల్సిన డబ్బు. మిగతా ఖర్చుకు దారి దొరికి కొంత తక్కువ పడినప్పుడు అది ఆదుకుంటుంది.

మొదటి రెండేళ్లు: మార్కులు, ఇంగ్లిష్, రాత

మార్కుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఫస్ట్ క్లాస్ లేకుండా పై వాటిలో చాలావరకు తలుపు తెరుచుకోదు. అయితే మన విశ్వవిద్యాలయాల్లో లా పేపర్లకు మార్కులు పొదుపుగా వేస్తారన్న సంగతి అక్కడివారికి తెలియదు. కాబట్టి మీ శాతం 64 అయినా తరగతిలో మొదటి అయిదుగురిలో ఉంటే, ఆ స్థానాన్ని చెప్పే ధ్రువపత్రాన్ని ప్రిన్సిపాల్ సంతకంతో తీసుకుని దరఖాస్తుకు జతచేయండి.

తెలుగు మీడియంలో చదివానన్న జంకుతో ఇంగ్లిష్‌ను చివరికి వాయిదా వేసేవారిని చాలామందిని చూశాను. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి లా కోర్సులకు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 7.5 కావాలి, అది మూడు నెలల కోచింగుతో వచ్చే స్కోరు కాదు. రోజూ ఒక తీర్పు చదివి, దాన్ని 300 పదాల్లో సొంత ఇంగ్లిష్‌లో రాయడం మొదటి సంవత్సరంలోనే అలవాటు చేసుకోండి. ఇండియన్ కానూన్‌లో తీర్పులన్నీ ఉచితంగానే దొరుకుతాయి. ఏడాది గడిచేసరికి మీ చేతిలో మూడు వందల చిన్న వ్యాసాలుంటాయి, వాటిలో రెండు మూడు పెద్ద పరిశోధనా వ్యాసాలకు విత్తనాలవుతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. రెండు మూడు వేలు కడితే వారంలో వ్యాసం అచ్చువేసి సర్టిఫికెట్ ఇచ్చే ఆన్‌లైన్ జర్నళ్ల జోలికి పోవద్దు. ఎంపిక కమిటీలో కూర్చునే అధ్యాపకులు పేరు చూడగానే వాటిని గుర్తుపడతారు, అలాంటివి పది ఉన్న దరఖాస్తు కంటే ఒక్కటీ లేని దరఖాస్తుకే గౌరవం ఎక్కువ.

మీ జిల్లాయే మీ పరిశోధనాంశం

ఈ మార్గదర్శిలో నేను అన్నింటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. పెద్ద నగరాల్లోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులకు మూట్ కోర్టులు, కార్పొరేట్ ఇంటర్న్‌షిప్‌లు, విదేశీ అధ్యాపకుల ఉపన్యాసాలు ఉంటాయి. వాటిలో మనం వారితో పోటీ పడలేం. కానీ చట్టం మనుషుల బతుకును ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ వదిలేస్తుందో మన ఊళ్లలో పుట్టినవారికి చదవకముందే తెలుసు. ఆ తెలివిడిని న్యాయశాస్త్ర ప్రశ్నగా మలచగలిగితే, మీ దరఖాస్తు వందల్లో ఒకటిగా మిగిలిపోదు.

సాదాబైనామానే తీసుకోండి. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకుని, పెద్దమనుషుల సాక్షి సంతకాలతో, వేలిముద్రలతో భూమి చేతులు మారడం మన రెండు జిల్లాల్లో ఏ ఊరికి వెళ్లినా కనిపిస్తుంది. 1971 నాటి హక్కుల రికార్డు చట్టంలోని 5-ఎ సెక్షన్ కింద వాటిని క్రమబద్ధీకరించే వీలుండేది. 2020లో కొత్త చట్టం పాతదాన్ని రద్దు చేయడంతో, అప్పటికే పెట్టుకున్న దరఖాస్తుల చట్టబద్ధత ప్రశ్నార్థకమై వ్యవహారం హైకోర్టుకు చేరింది. 2025లో వచ్చిన భూభారతి చట్టం వాటికి మళ్లీ దారి చూపింది. ఈ చరిత్ర మొత్తం మీ తాతల ఇంట్లోని ట్రంకు పెట్టెలో, మడతల దగ్గర చిరిగిన ఒక కాగితంలో ఉండవచ్చు.

ఇప్పుడు దాన్ని ఎల్‌ఎల్‌ఎం స్థాయి ప్రశ్నగా మార్చడం చూడండి. రికార్డులో పేరు లేకపోయినా తరాలుగా సాగు చేసుకుంటున్నవారి హక్కును రిజిస్టరు మీద ఆధారపడే వ్యవస్థ ఎలా గుర్తించాలి? ఈ ప్రశ్న 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో పుట్టిన, ప్రభుత్వ రిజిస్టరులో పేరున్నవారినే యజమానిగా గుర్తించే టోరెన్స్ పద్ధతికీ, ఇంగ్లండు 2002 నాటి భూమి రిజిస్ట్రేషన్ చట్టానికీ నేరుగా సంబంధించినది. అనుభవంలో ఉన్న భూమిపై హక్కు వచ్చే విధానాన్ని ఆ 2002 చట్టం చాలా మార్చింది. అంతే, మీరు ఇంగ్లండులో ఎందుకు చదవాలో చెప్పే కారణం తయారైంది, అది ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.

అంశాలకు కొదవ లేదు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల ఫ్లోరైడ్ నీటికీ జీవించే హక్కునిచ్చే రాజ్యాంగంలోని 21వ అధికరణకూ ఉన్న సంబంధం ఒకటి. నల్లమలలోని చెంచులకు 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కులకూ, అమ్రాబాద్ పులుల అభయారణ్యం నిబంధనలకూ నడుమ పెనుగులాట మరొకటి. పాలమూరు కూలీల వలస, దానికోసం తెచ్చిన, 2025 దాకా అమల్లో ఉన్న 1979 నాటి చట్టం ఊరిదాకా రాకపోవడం ఒకటి. జోగిని ఆచారాన్ని నిషేధించిన 1988 చట్టం కింద కేసులు ఎలా నడుస్తున్నాయన్నది ఇంకొకటి. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్, 2004లో ఏర్పడిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ చుట్టూ తిరిగే కృష్ణా జలాల వివాదం అంతర్జాతీయ నదుల చట్టం చదవాలనుకునేవారికి సిద్ధంగా ఉన్న అంశం. మేధోసంపత్తి మీద ఆసక్తి ఉంటే పోచంపల్లి, గద్వాల చీరలకు భౌగోళిక గుర్తింపు దక్కిన తర్వాత మగ్గం దగ్గర కూర్చున్నవారికి ఏం మిగిలిందో వెళ్లి అడగండి.

ఆసక్తి ఉందని చెబితే సరిపోదు, పని చేసి ఉండాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా లా విద్యార్థులు చేరవచ్చు. శిబిరానికి వెళ్లిన ప్రతిసారీ తేదీ, ఊరు, వచ్చిన సమస్య, మీరు చేసింది ఒక నోటుబుక్కులో రాసుకోండి, కక్షిదారుల పేర్లు మాత్రం రాయవద్దు. రెండేళ్ల తర్వాత వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు ఆ నోటుబుక్కు విలువ తెలుస్తుంది.

సిఫారసు లేఖలు

నా మొదటి దరఖాస్తు పోయింది ఇక్కడే. పేరున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి లేఖ అడిగాను. ఆయన నాకు నాలుగు నెలలు పాఠం చెప్పారు గానీ నా రాత ఒక్కసారీ చదవలేదు. నేను క్రమశిక్షణ గలవాడినని, మంచి భవిష్యత్తు ఉన్నవాడినని నాలుగు వాక్యాలు రాసి పంపారు. ఆయనది తప్పని అనను, ఆయనకు తెలిసింది అంతే. మరుసటి ఏడాది నా ప్రాజెక్టును రెండుసార్లు దిద్దిన ఒక యువ అధ్యాపకురాలిని అడిగాను. ఆమె రాసిన లేఖలో నా వాదనలోని లోపాన్ని తాను ఎత్తిచూపినప్పుడు నేను దాన్ని ఎలా సరిచేసుకున్నానో వివరంగా ఉంది. ఆ ఏడాది నాకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది.

కాబట్టి పదవిని బట్టి కాక, మీ పని తెలిసినవారిని అడగండి. మూడో సంవత్సరంలోపు కనీసం ఇద్దరు అధ్యాపకుల దగ్గర పరిశోధనా వ్యాసం రాసి దిద్దించుకోండి. మూడో వ్యక్తిగా మీ సీనియర్ అడ్వకేటునో, న్యాయ సేవాధికార సంస్థలో మీ పని చూసినవారినో ఎంచుకోవచ్చు. గడువుకు రెండు నెలల ముందే కలిసి, మీ బయోడేటా, వారు దిద్దిన వ్యాసం ప్రతి, మీరు ఏ కోర్సుకు ఎందుకు వెళ్లదలచారో చెప్పే ఒక పేజీ ఇవ్వండి. నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతానని కొందరు అంటారు. మీ వ్యాసంలోని భాష, లేఖలోని భాష ఒకటే అయితే చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. సార్, మీరు చూసినవి మీ మాటల్లో నాలుగు ముక్కలు చాలు అని మర్యాదగా, ఓపికగా మళ్లీ అడగండి. లేఖను విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో వారే నేరుగా అప్‌లోడ్ చేయాలి గనుక, ఈమెయిల్ అలవాటు లేని పెద్దవారైతే ఆ రోజు వెళ్లి పక్కన కూర్చుని లింకు తెరిచి ఇచ్చి, రాసేటప్పుడు బయటికి రండి.

అనుభవానికి రుజువులు

జూనియర్లకు జీతం చీటీ ఉండదు. సీనియర్ సంతకంతో చేరిన తేదీ, చూసిన కేసుల రకాలు, వారానికి ఎన్ని గంటలు పనిచేశారో తెలిపే లేఖ తీసుకోండి. మీ పేరు ఉన్న వకాలత్‌నామాల ప్రతులు, ఈ-కోర్టుల సైటులో మీ పేరు కనిపించే ఆర్డర్లు దాచుకోండి. గంటల లెక్కను ఊహతో కాక, కేసు డైరీ ముందు పెట్టుకుని వేయండి.

కాగితాలు: పేరు దగ్గరే చిక్కు

చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, మన పిల్లలను చివరి నిమిషంలో ఏడిపించేది ఇదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు మొదటి అక్షరంగా, పొడిగా, ఒక చుక్కతో ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే చోట రాసి ఉంటుంది. ఎల్‌ఎల్‌బీ మెమోలో ఒక అక్షరం తగ్గుతుంది. విదేశీ విశ్వవిద్యాలయానికి ఇవి నలుగురు మనుషుల కాగితాల్లా కనిపిస్తాయి. రెండో సంవత్సరంలోనే అన్నీ ఒకచోట పరచి చూసుకుని, పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని, ఇంటిపేరు విడిగా, పూర్తిగా వచ్చేలా పాస్‌పోర్టు తీసుకోండి. ఆ తర్వాత ప్రతి ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్లే రాయండి.

మార్కుల మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, అధికారిక ట్రాన్స్‌క్రిప్టులు కావాలి. ట్రాన్స్‌క్రిప్టులకు వారాలు పట్టవచ్చు గనుక ఆగస్టులోనే దరఖాస్తు పెట్టండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవలో తీసుకునేటప్పుడు ఆదాయ ధ్రువపత్రం ఆ ఏడాదిదేనా అన్నది చూడండి.

ఏడాది క్యాలెండర్

వెళ్లదలచిన ఏడాదికి ముందు సంవత్సరం ఏప్రిల్‌లో ఐఈఎల్‌టీఎస్ రాయండి, స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. రోడ్స్ దరఖాస్తులు జూన్ ప్రాంతంలో తెరుచుకుని ఒకటి రెండు నెలల్లో ముగుస్తాయి. చీవ్‌నింగ్ ఆగస్టులో తెరుచుకుని అక్టోబరులో ముగుస్తుంది. కేంబ్రిడ్జి, హార్వర్డ్, ఆక్స్‌ఫర్డ్ లా కోర్సుల గడువులు డిసెంబరు, జనవరి నెలల్లో వస్తాయి. ఇన్‌లాక్స్ ఆ తర్వాతి వసంతంలో. కచ్చితమైన తేదీలు ఏటా మారతాయి, ఆ సంస్థ సొంత వెబ్‌సైటును తప్ప మరి దేన్నీ నమ్మవద్దు. చీవ్‌నింగ్ వస్తుందో రాదో తెలిశాక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేద్దామని ఆగితే రెండూ పోతాయి, అవి పక్కపక్కనే నడవాలి.

వ్యాసం రాయడం

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని తన మొదటి ప్రతిని ఇలా మొదలుపెట్టింది: చిన్ననాటి నుంచి న్యాయం పట్ల నాకు అపారమైన ఆసక్తి ఉండేది, సమాజానికి సేవ చేయాలన్నదే నా ఆశయం. ఇందులో అబద్ధం లేదు, కానీ ఈ వాక్యం ఎవరైనా రాయవచ్చు. నేను అడిగాను, అమ్మా, నువ్వు కోర్టు మెట్లు మొదటిసారి ఎప్పుడు ఎక్కావు అని. ఆమె చెప్పింది విని, అదే రాయమన్నాను. రెండో ప్రతి ఇలా మొదలైంది: మా నాయిన మూడెకరాల కోసం ఆర్డీవో ఆఫీసుకు పదకొండుసార్లు తిరిగాడు, ప్రతిసారీ నేనే ఆ కాగితాలు చదివి వినిపించాను, పదకొండోసారి నాకు అర్థమైంది, ఆ కాగితంలో తప్పు లేదని, దాన్ని చదివే చట్టంలోనే మా నాయినకు చోటు లేదని. అక్కడి నుంచి ఆమె నేరుగా తన పరిశోధన ప్రశ్నకు వెళ్లింది.

కష్టాలు చెప్పుకోవడం, జాలి అడగడం ఒకటి కాదు. కష్టం ఒక పేరాలో ముగియాలి. మిగతాదంతా ఆ కష్టం నుంచి మీరు ఏం నేర్చుకున్నారు, ఏం చేశారు, ఇంకా ఏం చదవాలి అన్న దానికి వెళ్లాలి. చీవ్‌నింగ్ అడిగే నాలుగు వ్యాసాలు నాయకత్వం, సంబంధాలు పెంపొందించుకోవడం, బ్రిటన్‌లో చదువు, భవిష్యత్తు ప్రణాళిక అన్నవి. వీటిలో నాయకత్వం అంటే పదవి అనుకుని చాలామంది క్లాస్ లీడరుగా చేసిన రోజులు రాస్తారు. తండా మహిళలను పదిమందిని కూడగట్టి ఉపాధి హామీ కూలీ బకాయి కోసం అర్జీ పెట్టించడం అంతకంటే చాలా పెద్ద నాయకత్వం. హార్వర్డ్ ఎల్‌ఎల్‌ఎం వ్యాసం మరో రకం: మొదటి భాగంలో మీ రంగంలోని ఒక ముఖ్య సమస్యను న్యాయశాస్త్రపరంగా విశ్లేషించాలి, రెండో భాగంలో ఎల్‌ఎల్‌ఎం ఎందుకో చెప్పాలి. అక్కడ ఆత్మకథకు చోటు చాలా తక్కువ.

రోడ్స్ వారు వ్యాసం పూర్తిగా మీదేనని, ఎవరి సాయమూ తీసుకోలేదని హామీ అడుగుతారు. దాన్ని అక్షరాలా పాటించండి. మిగతావాటికి ఇతరుల సలహా తీసుకోవచ్చు గానీ వాక్యాలు మాత్రం మీవే కావాలి.

ఇంటర్వ్యూ

మీరు రాసిన ప్రతి వాక్యం మీద ప్రశ్న వస్తుందనుకుని సిద్ధపడండి. కృష్ణా జలాల మీద రాస్తే, మీ జిల్లా వాదననే కాదు, ఎదుటి రాష్ట్రం వాదనను కూడా దాని బలం తగ్గించకుండా చెప్పగలగాలి. తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పి, తెలుసుకోవాలంటే ఎక్కడ వెతుకుతారో చెప్పండి. మాట్లాడేటప్పుడు మన యాసను దాచుకోవడానికి తంటాలు పడవద్దు. స్పష్టంగా, నెమ్మదిగా మాట్లాడితే చాలు. స్నేహితులతో, మీతో ఏకీభవించని ఒక సీనియర్‌తో కనీసం అయిదుసార్లు అభ్యాసం చేయండి.

ప్రభుత్వ విద్యానిధులు

రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీ, ఈబీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. 20 లక్షల రూపాయల దాకా సాయం, ఒకవైపు విమాన చార్జీ ఇస్తారు. కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు, వయసు 35 లోపు ఉండాలి, దరఖాస్తు ఈపాస్ ద్వారా. న్యాయశాస్త్రం ఆ విడత ప్రకటనలో ఏ విభాగం కింద వస్తుందో జిల్లా సంక్షేమ అధికారి దగ్గర రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఎల్‌ఎల్‌ఎంకు జీఆర్‌ఈ అక్కరలేకపోయినా, ఈ పథకాల ఎంపికలో దానికి లెక్క ఉంటుంది గనుక రాయడమే మేలు. కేంద్రం ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని కూలీలు, చేతివృత్తులవారి పిల్లల కోసం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఏటా 125 స్థానాలున్నాయి. ఆదాయ పరిమితి 8 లక్షలు, డిగ్రీలో 60 శాతం మార్కులు కావాలి.

అంబేద్కర్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా సంస్థానం నెలకు 11.5 పౌండ్ల చొప్పున మూడేళ్లకు ఇచ్చిన సాయంతోనే. తిరిగి వచ్చి ఆ సంస్థానంలో పదేళ్లు పనిచేస్తానని ఆయన ఒప్పందం మీద సంతకం పెట్టారు. నేటి స్కాలర్‌షిప్‌లకూ అలాంటి షరతులున్నాయి. చీవ్‌నింగ్ తీసుకున్నవారు తిరిగి వచ్చి రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి, ఫుల్‌బ్రైట్ వీసాకూ రెండేళ్ల నిబంధన ఉంది. సంతకం పెట్టే ముందు ప్రతి షరతును కాంట్రాక్టు చదివినట్లు చదవండి, ఇంట్లోవారికి తెలుగులో వివరించండి.

స్కాలర్‌షిప్ వచ్చాక

బ్రిటన్ వీసాకు క్షయ పరీక్ష చేయించుకోవాలి. విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము ఉంటుంది. అది స్కాలర్‌షిప్ కడుతుందా, మీరు కట్టాలా అన్నది ముందే రాతలో అడగండి. పూర్తి నిధులు ఇవ్వని స్కాలర్‌షిప్ అయితే, మొదటి నెల అద్దె, అడ్వాన్సు, చలి దుస్తుల ఖర్చు మీ దగ్గర ఉండాలి. ప్రాక్టీసులో ఉన్నవారు వెళ్లే నెల ముందే ఒక్కో కక్షిదారుడినీ పిలిచి మాట్లాడి, నో అబ్జెక్షన్ రాసిచ్చి, కేసు కట్టలను నమ్మకమైన సహచరుడికి అప్పగించి, తదుపరి వాయిదా తేదీని వారి చేతికి కాగితం మీద రాసి ఇచ్చి వెళ్లాలి.